ఎర్రలైటు మాస్క్ పెట్టుకునే ముందు మొహానికి ఏమైనా రాయొచ్చా? మంగు ఉన్నవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి

కొవ్వూరు కోడలు

అందరికీ నమస్కారం అండి. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. అడగాల్సింది ఒక్క ముక్కే, దాని వెనక కథే కాస్త పొడుగు.

నాకు 41. చిన్నోడు పుట్టాక రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది, వాడిప్పుడు ఐదో తరగతి. మేముండేది కొవ్వూరులో. నా ఉద్యోగం గోదావరికి అవతల, రాజమండ్రి తాడితోటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాయడం. రోజూ రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద స్కూటీ. పొద్దున తూర్పుకి వెళ్తాను, ఎండ మొహానికి ఎదురు. సాయంత్రం పడమటికి వస్తాను, అప్పుడూ ఎదురే. ఇల్లు రాజమండ్రిలో, ఉద్యోగం కొవ్వూరులో అయ్యుంటే రెండు పూటలా వీపు మాడేది, బుగ్గలు బతికేవి. పెళ్ళిచూపుల్లో ఇవన్నీ ఎవరు లెక్కేస్తారు చెప్పండి.

సంక్రాంతికి మా తమ్ముడు డాలస్ నుంచి వస్తూ నాకో ఎల్‌ఈడీ మాస్క్ తెచ్చాడు. మెత్తటి సిలికాన్, లోపలి వైపు చిన్న చిన్న బల్బులు, రిమోట్ నొక్కితే ఏడు రంగులు. మొదటిరోజు పెట్టుకుని హాల్లోకి వస్తే మా అత్తయ్య "పందిరికి కట్టే సీరియల్ లైట్లు మొహానికి కట్టుకున్నావేంటే" అన్నారు. చిన్నోడు మాత్రం స్కూల్లో అందరికీ చెప్పుకొచ్చాడు, మా అమ్మ రాత్రిళ్ళు రోబో అయిపోతుందని.

డబ్బాలో పుస్తకం ఉంది. అందులో "కడిగి, తుడిచిన పొడి మొహం" అని ఒక్క లైను రాసి ఊరుకున్నారు. మా వీధి పార్లర్ అమ్మాయి అదంతా తప్పు, ముందు సీరం రాయాలి, లైటు ఆ సీరంని లోపలికి నెడుతుంది అని చెప్పి 1,450 రూపాయల విటమిన్ సి సీరం అంటగట్టింది. యూట్యూబులో ఒకావిడ నూనె రాయమంటుంది, ఇంకొకావిడ ఏమీ రాయద్దంటుంది. ఎవరి మాట వినాలో తెలియక నేను అందరి మాటా విన్నాను.

రాత్రి గిన్నెలయ్యాక తొమ్మిదిన్నరకి కూర్చునేదాన్ని. మొహం నీళ్ళతో కడిగి, కలబంద జెల్, దాని మీద సీరం, దాని మీద మెడికల్ షాపులో ఇచ్చిన మంగు క్రీము. తర్వాత మాస్క్. పుస్తకంలో 10 నిమిషాలు అని ఉంటే, మంచిదే కదా అని 20 చేశాను. ఆదివారం మాత్రం పొద్దున పెట్టుకునేదాన్ని. అప్పటికే సన్‌స్క్రీన్, పౌడరు అయిపోయి ఉండేవి, మళ్ళీ ఎవరు కడుగుతారని వాటి మీదే పెట్టేశాను. ఇక శుక్రవారం తలంటు రోజు. మొహానికి పసుపు రాయకపోతే అత్తయ్య ఊరుకోరు. ఆ పసుపు ఎంత కడిగినా కాస్త మిగులుతుంది, అలాగే మాస్క్.

మొదటి నెల బాగానే ఉంది. కొట్లో మా ఓనరు భార్య "ఏంటమ్మా, కళగా ఉన్నావు" అని కూడా అన్నారు. రెండో నెల మధ్య నుంచి బుగ్గలు ఎర్రబడుతున్నాయి. పొయ్యి దగ్గరకి వెళితే మంట. ఎడమ బుగ్గ మీద మచ్చ ఇదివరకటి కంటే ముదిరినట్టు అనిపిస్తోంది. నిన్న అద్దంలో చూసుకుని కాస్త ఏడిచాను కూడా, దాచుకోవడం ఎందుకు.

నా ప్రశ్న: మాస్క్ ముందు వీటిలో ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు? పసుపు లైటుని ఆపేస్తుందా? ఈ మంట రాసినవాటి వల్లా, మాస్క్ వల్లా?

ఇంకోటి, అత్తయ్య అడగమన్నారు. దీనివల్ల మొహం మీద వెంట్రుకలు వస్తాయా?

దోసావకాయ

అక్కా, అంత టెన్షన్ ఎందుకు. నేను కొబ్బరినూనె నాలుగు చుక్కలు రాసుకుని పెట్టుకుంటాను. మొహం నిగనిగలాడుతుంది. ఏ సీరం అక్కర్లేదు. నాకైతే ఏమీ కాలేదు.

తెనాలి ఫిజిక్స్ మాష్టారు

అమ్మా, నేను చర్మం డాక్టరును కాను. ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కాంతి పాఠం చెప్పి రిటైరయిన వాడిని. నాకు తెలిసింది ఆ వైపే, అంతవరకే చెబుతాను.

చిన్నప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి మూసి చూశారా? చెయ్యి ఎర్రగా వెలుగుతుంది. టార్చి వెలుగు తెల్లనిదే, దాంట్లో అన్ని రంగులూ ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ మన రక్తమూ కండా మింగేస్తాయి. ఎరుపు మాత్రం ఎంతో కొంత దాటి ఇవతలకి వస్తుంది. ఈ మాస్కుల్లో ఎరుపే ఎందుకు వాడతారంటే అందుకే. చర్మంలోకి లోతుగా దిగే రంగు అది. దాని తరంగదైర్ఘ్యం, అంటే వెలుగు అల పొడవు, మామూలుగా 630 నుంచి 660 నానోమీటర్ల మధ్య ఉంటుంది. కొన్ని మాస్కుల్లో కంటికి కనపడని 830, 850 కూడా ఉంటాయి. లోపల కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ వెలుగుని అందుకుంటుంది, దాంతో కణానికి ఓపిక వస్తుంది అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

కాబట్టి మొదటి ప్రశ్న, మీరు రాసింది ఆ ఎరుపుని లోపలికి పోనిస్తుందా లేదా. నిన్న రాత్రి మీ పోస్టు చదివాక నిద్ర పట్టక ఒక పని చేశాను. మా మనవడి సైకిలు వెనక ఎర్ర ఎల్‌ఈడీ లైటు ఉంది. పాత ల్యాబు రోజుల గాజు పలకలు ఇంట్లో ఇంకా ఉన్నాయి. మా ఆవిడ డ్రెస్సింగ్ టేబుల్ మీద ఉన్నవన్నీ ఒక్కో పలక మీద ఒక్కోటి పలచగా పూసి, దీపం ఆర్పి, వెనక నుంచి లైటు వేసి తెల్ల కాగితం మీద చూశాను. ఆవిడ లేచి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది.

కలబంద జెల్ పూసిన పలకకీ ఉత్త పలకకీ తేడా కనపడలేదు. పలచటి నూనె కూడా అంతే. తెల్లటి జింకు సన్‌స్క్రీన్ పూస్తే మాత్రం కాగితం మీద ఎరుపు బాగా మసకబారింది. పౌడరూ అదే పని. జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు, టాల్కు, ఇవన్నీ తెల్లగా కనపడడానికి కారణమే అన్ని రంగులనీ వెనక్కి చిమ్మెయ్యడం. ఎరుపుని ఒక్కదాన్నీ పోనివ్వమంటే వినవు. కాటుక పూసిన పలక సంగతి చెప్పనే అక్కర్లేదు, గోడే. మాస్క్ ముందు కాటుక తుడిచెయ్యండి, నలుపు వెలుగుని మింగి వేడెక్కుతుంది కూడా. గాజు వేరు, చర్మం వేరు. నా పలకల లెక్క యథాతథంగా మీ బుగ్గకి వర్తించదు. అయినా ఏది అడ్డం, ఏది కాదు అనేది తెలియడానికి ఇది చాలు.

పసుపు సంగతి సరదాగా ఉంది. పలచగా కలిపి పూస్తే ఎరుపు దాదాపు అలాగే దాటింది. పసుపు పచ్చగా కనపడేది నీలాన్ని మింగుతుంది కాబట్టి. ఎరుపుతో దానికి పేచీ లేదు. కాబట్టి శుక్రవారం మిగిలిపోయిన మరక మీ ఎర్రలైటుని పెద్దగా ఆపదు. మందంగా ముద్దలా ఉంటే ఆ పొడి రేణువులు చిమ్ముతాయి, అది వేరు.

లైటు సీరంని లోపలికి నెడుతుంది అన్న మాట మాత్రం వదిలెయ్యండి. ఇంత పలచని వెలుగుకి దేన్నీ తోసే బలం లేదు.

20 నిమిషాల మాట. మీది గోదావరి జిల్లా కాబట్టి ఇలా చెబుతాను. యూరియా ఒక బస్తా వేస్తే చేను పచ్చగా వస్తుందని మూడు బస్తాలు వేస్తే ఏమవుతుంది? ఈ వెలుగుకి కూడా ఆ గుణం ఉంది. కొంతవరకు మేలు, దాటితే ఫలితం తగ్గుతుంది. పుస్తకంలో 10 అంటే 10.

వెంట్రుకల ప్రశ్న మీ అత్తగారు ఊరికే అడగలేదు. అసలు ఈ విద్య మొదలైందే అక్కడ. 1967లో హంగరీలో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు లేజరు వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపు గొరిగి, బలహీనమైన ఎర్ర లేజరు వేశాడు. క్యాన్సర్ రాలేదు, గొరిగిన చోట వెంట్రుకలు మాత్రం త్వరగా మొలిచాయి. జుట్టు కోసం ఎర్రలైటు టోపీలు అమ్ముతున్నది అందుకే. మొహం మీద గడ్డం మొలిచిన ఆడవాళ్ళ సంగతి నేనైతే వినలేదు. పైపెదవి మీద నూగు ముదురుతోందేమో గమనిస్తూ ఉండమనండి, చాలు.

ఇప్పుడు నాకు రెండు సంగతులు కావాలి. ఏడు రంగులన్నారు, మీరు ఏ రంగు వాడుతున్నారు? ఆ మంగు క్రీము ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంది?

కొవ్వూరు కోడలు

మాష్టారూ, మీ మేడం గారికి నా తరఫున క్షమాపణలు చెప్పండి.

రంగులు రోజుకొకటి అండి. ఏడు రోజులకి ఏడు ఉన్నాయి కదా అని సోమవారం ఎరుపు, మంగళవారం నీలం, అలా పెట్టుకున్నాను. మంట మొదలయ్యాక ఎరుపు వేడేమో అనుకుని నీలమే ఎక్కువగా వాడుతున్నాను, చూడ్డానికి చల్లగా ఉంటుందని.

ట్యూబు ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్ అని మూడు పేర్లు ఉన్నాయి. మధ్య మధ్యలో ఆపుతూ మూడేళ్ళ నుంచి వాడుతున్నాను. చీటీ ఏమీ లేదు, అడిగితే ఇచ్చారు.

ఎడిసన్ నర్సు

కొవ్వూరు అక్కా, నేను గుంటూరు అమ్మాయినే, న్యూజెర్సీలో చర్మం డాక్టర్ దగ్గర నర్సుగా చేస్తున్నాను. ఆ మూడు పేర్లు చదవగానే నిద్ర మత్తు వదిలింది.

ముందు, రాసింది లైటు దగ్గర ఎందుకు ముఖ్యమో మా క్లినిక్‌లో రోజూ చూసే సంగతి చెప్తాను. ఇక్కడ తెల్లవాళ్ళకి ఎండ వల్ల మొహం మీద, బట్టతల మీద గరుకు పొక్కులు వస్తాయి, వదిలేస్తే కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. వాటికి అమైనోలెవ్యులినిక్ ఆసిడ్ అనే మందు రాసి, చర్మం లోపలికి పట్టేదాకా ఆగి, అప్పుడు లైటు వేస్తాం. 635 నానోమీటర్ల ఎరుపు కూడా వాడతారు. అంటే మీ మాస్కులో ఉండే ఎరుపుకి దగ్గరదే. మందు రాయని చోట ఆ లైటు పడితే పేషెంటుకి కాస్త వెచ్చగా ఉంటుంది, అంతే. రాసిన చోట పెద్ద పెద్ద మగవాళ్ళు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటారు. తర్వాత రెండు రోజులు కిటికీ దగ్గర కూడా కూర్చోవద్దని పంపిస్తాం. లైటు అదే, మొహం అదే, మధ్యలో ఏముందన్నదే తేడా.

మీ క్రీములో ఆ మందు లేదు, భయపడకండి. కానీ ఉన్నవి కూడా తక్కువవి కావు. ట్రెటినోయిన్ చర్మం పై పొరని పలచన చేస్తుంది, మంట పెడుతుంది, వెలుగు తగిలితే అది కూడా పాడవుతుంది. రాత్రి పడుకునే ముందు రాయమనేది అందుకే. దాని మీద మాస్క్ బిగించి 20 నిమిషాలు వెచ్చబెట్టడం అంటే పుండు మీద కారమే. మోమెటాసోన్ స్టెరాయిడు. మొదటి నెలలో "కళ" వచ్చిందన్నారే, అందులో లైటుది ఎంతో, స్టెరాయిడుది ఎంతో నేను చెప్పలేను. మొహం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, పొయ్యి సెగకి కూడా మండుతుంది. మీరు రాసింది సరిగ్గా అదే. మచ్చ రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా డాక్టరు చూస్తుండగా కొన్ని నెలలు వాడి ఆపే మందు. ఏళ్ళ తరబడి రాస్తే ఉన్న మచ్చే నీలి నలుపుగా మొండికేసే ప్రమాదం ఉంది. ఇలాంటి స్టెరాయిడు క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని మన దేశంలో 2018లోనే నిబంధన తెచ్చారు. కౌంటరు మీద ఎలా ఇస్తున్నారో మనందరికీ తెలుసు.

అలాగని రేపే ట్యూబు చెత్తబుట్టలో పడెయ్యకండి. చాలాకాలం రాసిన స్టెరాయిడు ఒక్కసారి ఆపితే మొహం ఎదురు తిరుగుతుంది, ఇప్పటికంటే ఎర్రబడుతుంది. డాక్టరు చూసి మెల్లగా తగ్గిస్తారు. ఈ వారమే వెళ్ళండి, ట్యూబూ మాస్కూ రెండూ తీసుకెళ్ళండి. అప్పటిదాకా మాస్క్ డబ్బాలోనే ఉండనివ్వండి.

చర్మం కుదుటపడ్డాక మళ్ళీ పెట్టుకుంటే, మా క్లినిక్‌లో అందరికీ చెప్పేది ఒకటే వరస. మెత్తటి ఫేస్‌వాష్‌తో సన్‌స్క్రీన్ పూర్తిగా పోయేలా కడగడం, ఒత్తి తుడుచుకోవడం, మాస్క్, ఆ తర్వాతే మిగతావి. మరీ పొడిబారే చర్మమైతే ముందు తేమ పట్టి ఉంచే, నీళ్ళలాంటి హయలురోనిక్ సీరం ఒక పలచటి పొర పర్వాలేదు, అది ఆరనివ్వాలి. రెటినాల్, గ్లైకోలిక్, సాలిసిలిక్ ఆసిడ్లు, పుల్లటి విటమిన్ సి, వాసన నూనెలు, ఇవేవీ ముందు వద్దు. విటమిన్ సి లైటుకి శత్రువు అని కాదు, రబ్బరు మాస్క్ కింద చెమటతో కలిసి మండుతుంది. 1,450 పెట్టి కొన్నారు కాబట్టి పారెయ్యక్కర్లేదు, చర్మం చల్లబడ్డాక పొద్దుటిపూట సన్‌స్క్రీన్ కింద వాడుకోవచ్చు, డాక్టర్ సరేనంటే.

ఇంకో మాట, మాస్క్ లోపలి వైపు ఎప్పుడైనా తుడిచారా? రెండు నెలల జెల్లు, క్రీము, పౌడరు అంతా అక్కడే ఉంటుంది. ఏవైనా మాత్రలు వాడుతుంటే అవి కూడా డాక్టరుకి చెప్పండి. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఎక్కువగా ఎండకే రెచ్చిపోతాయి, ఎరుపుకి అంతగా కాదు, అయినా చెప్పడం మంచిది. కంటి జబ్బులు ఏమైనా ఉంటే మాత్రం అడక్కుండా మాస్క్ పెట్టుకోకండి.

వరంగల్ శీను

దోసావకాయ గారు కొబ్బరినూనె అన్నరు కదా, దాని గురించి ఒక మాట. నాకు సోరియాసిస్. రెండేండ్లు హాస్పిటల్‌ల లైటు పెట్టిచ్చుకున్న. అది ఎరుపు కాదు, 311 నానోమీటర్ల యూవీ. అక్కడ లైటుకి ముందు పొట్టు మీద పలచగా నూనె రాయమనేటోళ్ళు. పొట్టు తెల్లగ ఉంటది కదా, నూనె తాకితే కొంచెం అద్దం లెక్క అయ్యి లైటు లోపలికి పోతదట. ఒకరోజు నూనె లేకుంటే వ్యాజిలిన్ మందంగ పూసుకొని పోయిన. సిస్టర్ తిట్టి తుడిపిచ్చింది, అది మందంగ ఉంటే లైటుని ఆపుతదని.

నాది పొట్టు లేచే రోగం కాబట్టి నూనె పని చేసింది. మంచిగున్న చర్మానికి దాని అవసరం ఏముంది? మొటిమలు వచ్చేటోళ్ళకైతే కొబ్బరినూనె ఇంకా ఎక్కువ చేస్తది. ఒకరికి పడ్డది ఇంకొకరికి పడాలని లేదు.

దోసావకాయ

సరే శీను గారూ, ఒప్పుకున్నా. నిజం చెప్పాలంటే గడ్డం కింద రెండు మొటిమలు ఉన్నాయి. వేడి చేసింది అనుకున్నా.

తెనాలి ఫిజిక్స్ మాష్టారు

కోడలమ్మా, క్రీము సంగతి నర్సమ్మాయి చెప్పింది, దానికి నేను కలిపేది లేదు. నాకు భయం వేసింది మీ నీలం గురించి.

2014లో ఫ్రాన్సులో కొంతమంది పరిశోధకులు మనుషుల చర్మం మీదే ఒక పోలిక చేశారు. మరీ తెల్లగా లేని, ఎండకి నల్లబడే చర్మం ఉన్నవాళ్ళని తీసుకుని, ఒకచోట 415 నానోమీటర్ల నీలి ఊదా, ఇంకోచోట 630 నానోమీటర్ల ఎరుపు వేశారు. నీలి ఊదా పడ్డచోట నలుపు వచ్చింది, వచ్చి త్వరగా పోలేదు, వారాలు నెలలు ఉండిపోయింది. ఎరుపు పడ్డచోట అలాంటి నలుపు రాలేదు. మొటిమల కోసం మాస్కుల్లో పెట్టే నీలం సాధారణంగా ఆ 415 చుట్టుపక్కలదే. మొటిమల క్రిమి దానికి చస్తుంది, నిజమే. కానీ మంగు ఉన్న మన రంగు చర్మానికి అది మచ్చకి నీళ్ళు పోసి పెంచడమే. చూడ్డానికి చల్లగా ఉన్నంత మాత్రాన చల్లనిది కాదమ్మా.

దీన్నిబట్టి మీ ప్రశ్నలో ఒక తిరకాసు ఉంది చూడండి. మీ డాక్టరు పగలు రంగున్న సన్‌స్క్రీన్ రాయమనొచ్చు. దానిలో ఐరన్ ఆక్సైడు ఉంటుంది, ఎండలోని ఆ నీలాన్ని అదే అడ్డుకుంటుంది, మంగుకి అది మంచి గొడుగు. బ్రిడ్జి మీద ఆ గొడుగు ఉండాల్సిందే. రాత్రి మాస్క్ ముందు మాత్రం ముడవాలి, దానిలో ఉండే తెల్ల పొడులు ఎరుపుని చిమ్మేస్తాయి కాబట్టి. మీ ఆదివారం మాస్కులన్నీ గొడుగు వేసుకుని స్నానం చేసినట్టే అయ్యాయి.

ఒక రకంగా శుక్రవారం పసుపు మిమ్మల్ని కాస్త కాపాడిందేమో, మరకలో ఉన్న పసుపు నీలాన్ని మింగుతుంది కదా. ఇది సరదాకి అన్నాను. పసుపు రాసుకుని నీలం పెట్టుకోమని కాదు, పసుపుకి ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ నీలి వెలుగు కింద ఊరికే ఉండే సరుకు కాదు.

కొవ్వూరు కోడలు

ఆరు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. ఏమైందని ఇద్దరు ముగ్గురు అడిగారు, ఆలస్యానికి ఏమనుకోకండి. మధ్యలో పెళ్ళిళ్ళ సీజను, కొట్లో ఊపిరి సలపలేదు.

రాజమండ్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళాను. ట్యూబు చూసి ఆవిడ ఏమీ అనలేదు. టేబుల్ సొరుగు లాగి చూపించారు, అలాంటి ట్యూబులే పాతిక ముప్ఫై ఉన్నాయి, వచ్చినవాళ్ళ దగ్గర తీసుకున్నవట. స్టెరాయిడు ఒకేసారి ఆపకుండా రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అని తగ్గించి, ఇప్పుడు పూర్తిగా మాన్పించారు. మధ్యలో పది రోజులు మొహం టమాటా పండులా అయింది. నర్సక్క ముందే చెప్పి ఉండకపోతే ఆ పది రోజుల్లో భయపడి మళ్ళీ ఆ ట్యూబే కొనుక్కునేదాన్ని, ఒట్టు.

మాస్క్ కూడా చూపించాను. పారెయ్యమంటారని భయపడ్డాను. నీలం, ఊదా, ఆకుపచ్చ అన్నీ మానెయ్, ఎరుపు ఒక్కటే, అది కూడా మంట పూర్తిగా తగ్గాక, వారానికి మూడుసార్లు, 10 నిమిషాలు దాటకుండా అన్నారు. దీనితో మంగు పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దట. చర్మం నునుపుకి పనికొస్తే పనికొస్తుంది, మంగుకి అసలు మందు పగలు సన్‌స్క్రీన్ అని, మాష్టారు చెప్పినట్టే రంగున్నది రాశారు. మచ్చ ముదురుతున్నట్టు అనిపిస్తే ఆ రోజే మాస్క్ ఆపమన్నారు. స్కూటీ దారి గురించి చెబితే నవ్వి, ఎదురెండ రెండు పూటలా అయితే మధ్యాహ్నం కూడా ఒకసారి రాసుకో, స్కార్ఫు మానకు అన్నారు.

నిన్నటికి ఎర్రలైటు మళ్ళీ మొదలుపెట్టి తొమ్మిది రోజులు. నాలుగు సార్లు అయింది. ముందు ఫేస్‌వాష్, తువ్వాలుతో ఒత్తుకోవడం, ఇంకేమీ లేదు. ఉత్త మొహం మీద ఆ సిలికాన్ తగులుతుంటే మొదట ఏదోలా ఉంది, ఏదో మర్చిపోయినట్టు. తర్వాత డాక్టరమ్మ ఇచ్చిన మామూలు మాయిశ్చరైజరు. మాస్క్ లోపల తుడిస్తే దూది పసుపు పచ్చగా వచ్చింది, శుక్రవారాలన్నీ అక్కడే ఉన్నాయి. మంట లేదు. పొయ్యి దగ్గర కూడా లేదు. మచ్చ అలాగే ఉంది, పెరగలేదు. ఓనరు భార్య మళ్ళీ ఏమీ అనలేదు, సరేలెండి.

పార్లర్ అమ్మాయి దగ్గరకి సీరం తీసుకెళ్ళి వెనక్కి ఇస్తానంటే, మూత తీశారు కదా మేడం అంది.

ఇంకో విషయం. మాస్క్ ఖాళీగా ఉన్న రోజుల్లో అత్తయ్య తీసుకుని మోకాలికి చుట్టుకుంటున్నారు, సీరియల్ చూస్తూ. సీరియల్ లైట్లు అని ఎగతాళి చేసింది ఆవిడే. కాస్త హాయిగా ఉందట. ముందు నొప్పుల బామ్ రాసుకుని పెట్టుకోవచ్చా అని అడగమంటున్నారు, నేను చెబితే నమ్మరట, మాష్టారు చెప్పాలట.

తెనాలి ఫిజిక్స్ మాష్టారు

వద్దని చెప్పండి. బామ్ మంటా, మాస్క్ వెచ్చదనమూ కలిస్తే పెద్దవారి చర్మం తట్టుకోదు. ముందు ఉత్త మోకాలు, బామ్ తర్వాత. మీరు మళ్ళీ మొహానికి పెట్టుకునే ముందు మాత్రం ఆ మాస్క్ బాగా తుడుచుకోండి.